అట్టలత్త కట్టిన గిలి

ఆ వీధి పిల్లలు ఆవిడని అట్టలత్త అనేవారు. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పని కాబట్టి అట్టల. పిలిస్తే పలికే ఆడవాళ్ళందరూ పిల్లలకి అత్తలే కాబట్టి అత్త. అసలు పేరు జీతం కవరు మీద తప్ప ఎక్కడా కనపడేది కాదు. కన్నకూతురు కూడా ఇంట్లో అమ్మా అని పిలిచి, శనివారం మధ్యాహ్నం హాల్లో పిల్లల మధ్య కూర్చోగానే "అట్టలత్తా, జిగురియ్యి" అనేది. ఆవిడా "ఇదిగో తల్లీ" అని అందించేది, ఎవరి పిల్లో అన్నట్టు.

ఫ్యాక్టరీలో ఆవిడ పని నమూనా పెట్టెలు చేయడం. కొత్త కొలతలో పెట్టె కావాలని ఎవరైనా అడిగితే, యంత్రానికి ఎక్కించే ముందు ఒకటి చేత్తో చేసి చూపించాలి. అట్టని మడవాలంటే మడత రావాల్సిన చోట ముందు గీత నొక్కాలి. గట్టిగా నొక్కితే అట్ట తెగుతుంది, మెల్లగా నొక్కితే మడత పక్కదారి పడుతుంది. ఆ నొక్కుడు ఆవిడ బొటనవేలికి తెలుసు. ఆవిడ కత్తి పెట్టి కోస్తే, తెగిన సంగతి అట్టకి మర్నాటికి గానీ తెలిసేది కాదని తోటివాళ్ళు చెప్పుకునేవారు.

ఈ విద్య పుట్టింటి నుంచి వచ్చింది. తండ్రి పుస్తకాలు కుట్టి అట్టలు వేసే మనిషి. ఆయన బల్ల కిందే ఆవిడ పెరిగింది. పాకడం కన్నా ముందు జిగురు పూయడం నేర్చిందని వాళ్ళింట్లో అనేవారు. అందులో కొంత కోత ఉంటే ఉండొచ్చు, జిగురు తినడం మాత్రం నిజం.

భర్త కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసేవాడు. పొద్దస్తమానం యంత్రం గరగరలు విని ఇంటికి వచ్చిన మనిషి మాటలు పొదుపుగా వాడేవాడు. ఆ పొదుపు చేసినవన్నీ ఆయన తల్లి ఖర్చుపెట్టేది. ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో "ఒక్క నిమిషం ఆగండి" అని ఊరందరినీ ఆపింది. రిటైరయ్యాక తను మాత్రం ఎక్కడా ఆగలేదు.

ఇక కూతురు బొత్తాం. అయిదేళ్ళది. ఊహ తెలియని వయసులో తండ్రి చొక్కా బొత్తాం మింగి ఇంటిల్లిపాదినీ ఆస్పత్రికి పరిగెత్తించింది. మింగింది తన దారిన తను బయటికి వచ్చేసింది, పేరు మాత్రం ఉండిపోయింది.

వాళ్ళది మేడ మీద రెండు గదుల ఇల్లు. వెనక పొడుగాటి నడవా, దాని చివర బాత్రూము. ఇంట్లో మంచాలు, తలుపులు తప్ప మిగిలినదంతా అట్టే. చెప్పుల అర అట్ట, గరిటెలు నిలబెట్టే డబ్బా అట్ట, అత్తగారి మందులకి రోజుకో తలుపున్న చిన్న బీరువా అట్ట. "నా కాలో చెయ్యో విరిగితే డాక్టరు దగ్గరికి పోనక్కరలేదు, మా కోడలే మడత పెట్టి అతికిస్తుంది" అని అత్తగారు పక్కింటివాళ్ళతో అనేది. వినేవాళ్ళకి అది దెప్పుడో మెప్పో తెలిసేది కాదు. మెప్పే.

శనివారం ఫ్యాక్టరీ ఒంటిపూట. అచ్చు తప్పిన అట్టలు ఎలాగూ తుక్కులోకే పోతాయి కాబట్టి సూపర్‌వైజరు ఆవిడని తీసుకుపొమ్మనేవాడు. వాటిని రెండు చక్రాల బండి మీద కట్టుకుని, రెండు వీధుల అవతల కాలనీ సంఘం హాలుకి లాక్కెళ్ళేది. మూడేళ్ళ వాళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ వాళ్ళ దాకా పిల్లలు అప్పటికే మెట్ల మీద కాచుకుని ఉండేవారు. సాయంత్రం దాకా కోయడం, మడవడం, అతికించడం. ఓడ కట్టారు, పోస్టాఫీసు కట్టారు. ఒకసారి బస్సు కట్టి హాలు ముందు ఆరబెడితే, ఎవరో పెద్దమనిషి దాని పక్కన నిలబడి చాలాసేపు ఎదురు చూసి, ఈ రూటులో బస్సులు ఎప్పుడూ ఆలస్యమేనని తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

పిల్లల సరదా సంగతి అలా ఉంచితే, ఆ మధ్యాహ్నం ఆవిడకి కూడా కావాలి. మిగిలిన రోజుల్లో బొత్తాం లేవకముందే ఆవిడ పనిలోకి వెళ్ళిపోయేది, పొద్దుగూకాక వచ్చేది. తన చేతులూ కూతురి చేతులూ కలిసి ఒకే అట్ట మీద ఉండేది ఆ ఒక్క పూటే. ఆ పూట పోతే వారంలో ఆవిడకి మిగిలేది గిన్నెలు తోమడం, జడ వేయడం.

ఆ పూట పోవడానికి కారణం ఒక మాట. అదీ ఆవిడ నోటి వెంట వచ్చిందే.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. అట్టలత్త మోచేతుల దాకా సబ్బు నురగతో గిన్నెలు తోముతోంది. బొత్తాం నడవా మొదట్లో నిలబడింది.

"అమ్మా, బాత్రూముకి తోడు రా."

"చేతులు ఖాళీ లేవే. నువ్వెళ్ళు."

"చీకటిగా ఉంది."

"చీకట్లో ఏముంటుంది? పులీ లేదు, గిలీ లేదు. వెళ్ళిరా."

బొత్తాం రెండడుగులు వేసి ఆగింది.

"పులి లేదని నాకూ తెలుసు. పులి జూలో ఉంటుంది. గిలి ఎక్కడుంటుంది?"

"గిలి ఎక్కడా ఉండదు."

"ఎక్కడా లేకపోతే ఎక్కడికెళ్ళింది?"

అట్టలత్త గిన్నె పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని తోడు వెళ్ళింది. అక్కడే పప్పులో కాలేసింది. అమ్మ పని ఆపి మరీ తోడు వచ్చిందంటే, గిలి ఉన్నట్టే కదా.

మర్నాడు బొత్తాం నానమ్మని పట్టుకుంది. నానమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"నానమ్మా, నువ్వు గిలిని చూశావా?"

"పొద్దున్నే ఈ పులీ గిలీ, దయ్యం గియ్యం ఏమిటే? పో, పుస్తకం గిస్తకం తీసుకుని కూర్చో."

అడిగింది ఒక్కదాన్ని గురించి, తేలినవి మూడు. ఆ రోజు నుంచి బొత్తాం పెద్దవాళ్ళ మాటలు చెవులు రిక్కించి వినసాగింది. వింటున్నకొద్దీ దాని అనుమానం గట్టిపడింది. ప్రతి వస్తువు వెనకా ఇంకొకటి నక్కి ఉంది. చెప్పులూ గిప్పులూ, పామూ గీమూ, కుర్చీ గిర్చీ. మొదటిది కనపడుతుంది, రెండోది కనపడదు. పెద్దవాళ్ళకి దాని సంగతి తెలుసు, లేకపోతే రోజూ దాని పేరెందుకు ఎత్తుతారు? అడిగితే మాత్రం దాచేస్తున్నారు.

చివరికి తండ్రి దగ్గరికి వెళ్ళింది.

"నాన్నా, గిలి గిప్పులు వేసుకుంటుందా?"

ఆయన బాగా ఆలోచించాడు. ఏదడిగినా ఆలోచించే చెప్పే మనిషి.

"పులి చెప్పులు వేసుకోదు కదా. కాబట్టి గిలి కూడా గిప్పులు వేసుకోదు."

"అంటే వట్టికాళ్ళతో తిరుగుతుంది" అంది బొత్తాం నెమ్మదిగా. "అందుకే చప్పుడు రాదు."

ఆయన ధైర్యం చెప్పాననే అనుకున్నాడు.

ఆ శనివారం హాల్లో పని మామూలుగానే మొదలైంది. హాలు చివర ఒక స్టోర్‌ రూము ఉంది. దాని తలుపు ఎప్పుడూ పూర్తిగా పడదు, గాలి తగిలినప్పుడల్లా కిర్రుమని మూలుగుతుంది. ఆ పూట అది మూలిగింది. బొత్తాం చేతిలో జిగురు కుంచె అలాగే ఆగిపోయింది.

"అందులో గిలి ఉంది" అంది, పక్కనున్న ఇస్త్రీ ఆయన కవల పిల్లలతో.

"గిలి ఏంటి?" అన్నారు కవలలు.

"పులీ గిలీ అంటారు చూడు. ఆ గిలి."

దయ్యం ఉందని చెప్పి ఉంటే వాళ్ళు ఎగతాళి చేసేవారు. రాక్షసుడంటే వాదించేవారు. కానీ గిలి పేరు అందరూ విన్నదే, అదీ కన్నతల్లుల నోటి నుంచే విన్నది. ఇంటింటా సాక్ష్యం ఉంది. మందుల షాపు వాళ్ళ అబ్బాయి, అందరికన్నా పెద్దవాడు, ఎనిమిదేళ్ళవాడు, తన కత్తెర మెల్లగా కింద పెట్టి తలుపుకి దూరంగా జరిగాడు. వాడు జరిగాక చిన్నవాళ్ళు ఎందుకు ఆగుతారు?

ఆ రాత్రి ఇళ్ళలో పిల్లలు అడిగారు. తల్లులు అందరూ ఒకే జవాబు చెప్పారు: "గిలీ లేదు, ఏమీ లేదు, పడుకో." పిల్లల లెక్కలో అది ఒప్పుకోలు కిందికి వచ్చింది.

తర్వాతి శనివారం మెట్ల మీద నలుగురే ఉన్నారు. వాళ్ళూ తలుపు తీయగానే ఇళ్ళకి పోయారు. బొత్తాం గడప దాటలేదు. "నువ్వు చేసుకో అమ్మా, నేను ఇక్కణ్ణుంచి చూస్తా" అంది. అంత పెద్ద హాల్లో అట్టలత్త ఒక్కతే కూర్చుని, ఎవరికోసమో తెలియకుండా, ఒక పెట్టె మడిచి మళ్ళీ విప్పింది.

వెళ్ళేటప్పుడు మందుల షాపు ఆవిడ దారిలో ఆపింది.

"ఏమనుకోకు అట్టలత్తా, మావాడు రానంటున్నాడు. స్టోర్‌ రూములో ఏదో గిలి ఉందట. ఎలుకలేమో కాస్త చూడకూడదూ?"

"ఎలుకలైతే చూసేదాన్ని" అంది అట్టలత్త.

హాలు తాళాలు సంఘం సెక్రటరీవి. రిటైరైన పోస్టుమాస్టరు ఆయన. నవ్వగా చూసినవాళ్ళు ఆ కాలనీలో లేరు. నవ్వడానికి కూడా స్టాంపు అంటించాలని ఆయన అనుకుంటాడని కుర్రకారు చెప్పుకునేవారు. తాళాలు తిరిగి ఇవ్వడానికి అట్టలత్త వెళ్ళేసరికి ఆయన సంగతి తెలుసుకునే కూర్చున్నాడు.

"పిల్లలు రానప్పుడు హాలు ఖాళీగా ఎందుకమ్మా? చదరంగం ఆడే పెద్దవాళ్ళు పాపం బయట అరుగు మీద ఎండలో కూర్చుంటున్నారు. వచ్చే శనివారం చూద్దాం. అప్పుడు కూడా పిల్లలు లోపల అడుగుపెట్టకపోతే ఆ పూట వాళ్ళకిచ్చేద్దాం. ఊరికే ఈ గొడవా గిడవా నాకెందుకు?"

"గిడవ అంటే ఏంటి తాతయ్యా?" అంది తల్లి వెనకనుంచి బొత్తాం.

పోస్టుమాస్టరు కళ్ళజోడు మీదుగా కిందికి చూశాడు. ఏదడిగినా విచారించి గానీ జవాబు చెప్పని మనిషి.

"గిడవ అని ఏమీ లేదమ్మా. గిలి మాత్రం ఉంది. మీవాళ్ళందరూ అంటుంటే నిఘంటువు తీసి చూశాను. గిలి అంటే భయం అని రాసి ఉంది."

ఉత్తరం సరైన చిరునామాకి చేర్చిన తృప్తి ఆయన మొహంలో కనపడింది. బొత్తాం తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చూశావా అమ్మా, పుస్తకంలో కూడా ఉంది."

ఇంటికి నడుస్తుంటే అట్టలత్తకి లోపల నిజంగానే గిలి పట్టుకుంది. ఇంక ఒక్క శనివారం.

ఆ సాయంత్రం ఇంట్లో తీర్మానం జరిగింది. చేసింది అత్తగారు.

"తప్పంతా మన నోళ్ళది. ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో అలాంటి మాటలు ఎవరూ మాట్లాడకూడదు. గీ అనే అక్షరం గిక్షరం వినపడకూడదు."

కొడుకు తలెత్తి చూశాడు.

"ఏంట్రా అలా చూస్తావు? నేనేమైనా అన్నానా గిన్నానా?"

ఆయన తల దించుకుని భోజనం చేశాడు. మర్నాడు అత్తగారు పంతం పట్టి అసలు నోరే విప్పలేదు. మధ్యాహ్నానికల్లా, పెద్దావిడకి ఎలా ఉందో కనుక్కుందామని ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు, మేడ కింద వాళ్ళు వరసగా వచ్చారు. వచ్చినవాళ్ళకి జవాబు చెప్పడంతో వ్రతం చెడింది.

దాంతో అట్టలత్త తన దారిలో తను ఆలోచించింది. పిల్లల భయమంతా గిలి కనపడకపోవడం వల్లే. పులికి బొమ్మ ఉంది, పాముకి బొమ్మ ఉంది, గిలికి లేదు. కనపడితే సరి. అట్టకి రాని ఆకారం ఏముంది?

రోజూ పని నుంచి రాగానే కూర్చుంది. గట్టి అట్ట ఏరి, కాళ్ళకి మోకాళ్ళ దగ్గర వంగేలా మడతగీతలు నొక్కి, మీసాలకి సన్నని పీలికలు కోసి, ఒంటికి గోధుమరంగు కాగితం అంటించింది. నిలబెడితే అది ఇప్పుడో ఇంకాసేపటికో దూకేటట్టు ఉంది. ఎదురింటి కుక్క కిటికీలోంచి దాన్ని చూసి రెండు రోజులు ఆ వైపు రావడం మానుకుంది.

బొత్తాం దాని చుట్టూ తిరిగింది. కిందికి వంగి పొట్ట చూసింది.

"చాలా బాగుందమ్మా. ఇది పులి."

"పులేంటే? గీతలున్నాయా చూడు."

"గీతలు చెరిపేసిన పులి."

అట్టలత్త మొహం ముడుచుకుంది. ఫ్యాక్టరీలో ఆవిడ నమూనా ఒక్కటి కూడా తిరిగి వచ్చింది లేదు. బొత్తాం ఆడుకోవడానికి వెళ్ళిపోయాక భర్త వచ్చి, ఆ బొమ్మని అద్దం పట్టుకున్నట్టే పైకెత్తి వెలుతురుకి అడ్డంగా పెట్టి చూశాడు.

"మా దుకాణానికి వచ్చేవాళ్ళని నేను చూడను" అన్నాడు. "లోపల గదిలో ఉంటాను. వాళ్ళకి ఎలా కనపడుతోందో ముందు గదిలో అడిగి చెబుతారు. దాన్ని బట్టి అరగదీస్తాను. నాకెలా కనపడుతోందో దాంతో పని లేదు. గిలి కనపడేది వాళ్ళకి. నువ్వు వాళ్ళని అడగలేదు."

పెళ్ళయ్యాక ఆయన ఒక్క బిగిన అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు. వంటింట్లోంచి అత్తగారు, "ఎవరొచ్చారమ్మాయ్?" అని అడిగింది.

శనివారం అట్టలత్త హాలు తాళం తీసింది గానీ లోపలికి వెళ్ళలేదు. అట్టలు, జిగురు, కత్తెరలు అన్నీ బయట అరుగు మీదే పరిచింది. గీతలు లేని పులిని మెట్ల మీద నిలబెట్టింది. చదరంగం పెద్దవాళ్ళు ఇద్దరు ముందే వచ్చి, హాలు తమదే అవుతుందన్న నమ్మకంతో అరుగు చివర బల్ల వేసుకుని కూర్చున్నారు. పిల్లలు వీధి అవతల గోడ పక్కన గుంపుగా నిలబడి చూస్తున్నారు. బొత్తాం కూడా వాళ్ళలోనే ఉంది.

అట్టలత్త ఎవరితోనో అన్నట్టు, వీధి అవతలికి వినపడేలా అంది:

"హమ్మయ్య, అయిపోయింది. ఇదే గిలి."

గిలి అంటే భయం ఉన్నవాళ్ళు ఎవరైనా దాన్ని తప్పుగా కడితే మాత్రం ఎలా ఓర్చుకుంటారు? కవలలు వీధి దాటారు.

"అట్టలత్తా, ఇది గిలి కాదు."

"ఎందుకు కాదు?"

"గిలి తోక ఇలా ఉండదు. చివర గిలక ఉంటుంది. ఎలకా గిలకా అంటుంది మా అమ్మ."

"గిలక ఉంటే చప్పుడవుతుంది కదరా" అన్నాడు రెండో కవల.

"అవ్వాలి. అయితేనే మనం పారిపోవచ్చు."

అట్టలత్త తోక కోసేసి, కొత్త తోక మడిచి, చివర చిన్న డబ్బా పెట్టి అందులో గులకరాళ్ళు వేసింది. అది గలగలమంది. ఆ చప్పుడుకి మందుల షాపు అబ్బాయి వచ్చేశాడు.

"కాళ్ళు కూడా తప్పు. గిలికి గిట్టలుంటాయి."

"నీకెవరు చెప్పార్రా?"

"నువ్వే. అట్టా గిట్టా ఏరండి, ఇంటికెళదాం అంటావుగా ప్రతిసారీ."

నిజమే. ప్రతి శనివారం సాయంత్రం ఆవిడ అనే మాటే. ఇన్నాళ్ళూ గిట్టలు సరఫరా చేసింది తనేనన్నమాట. వారమంతా కష్టపడి కోసిన పంజాలని నాలుగింటినీ కత్తిరించి గిట్టలు పెట్టింది.

అక్కణ్ణుంచి పని ఊపందుకుంది. మీసాలు పోయాయి. చెవులు మూడయ్యాయి, ఎందుకంటే రెండు చెవులైతే వెనక చప్పుళ్ళు వినపడవు. పొట్ట చిన్నదని అందరూ అన్నారు. ఎంత ఉండాలని అడిగితే, అన్నిటికన్నా చిన్న పిల్ల రెండు చేతులూ బారజాపింది. చాలలేదు. కవలలు చెరో వైపు ఆ పిల్ల చేతులు పట్టుకుని తమ చేతులు కూడా జాపారు. "ఇంత" అన్నారు. ఫ్రిజ్ వచ్చిన పెట్టె ఒకటి బండి మీద ఉంటే దాన్ని విప్పి పొట్ట చేశారు.

చదరంగం పెద్దవాళ్ళు ఎత్తులు మరచిపోయి ఇటే చూస్తున్నారు.

"మా చిన్నప్పుడు గిలికి కొమ్ములు ఉండేవి" అన్నాడు తెల్ల పావులాయన.

పిల్లలందరూ ఆయన వైపు తిరిగారు. కళ్ళారా చూసిన మనిషి దొరికాడు.

"రెండు కాదు, ఒకటే" అన్నాడు నల్ల పావులాయన. "రెండోది నేనే విరగ్గొట్టాను."

"ఎప్పుడు విరగ్గొట్టావు నువ్వు? నాతో చెప్పలేదే."

"ఆ రోజు నువ్వు బడి ఎగ్గొట్టావు."

గిలికి ఒంటికొమ్ము వచ్చింది. బొత్తాం మాత్రం ఇంకా వీధి అవతలే ఉంది. అట్టలత్త కత్తెర ఆడిస్తూనే ఓరకంట చూస్తోంది. పిలవలేదు. పిలిస్తే రాదని ఆవిడకి తెలుసు.

"మరి ఇది ఏం చేస్తుంది?" అని అడిగింది పిల్లలని.

అందరూ చేతులాపారు. ఇన్ని రోజులూ ఎవరూ పైకి అనకుండా దాచుకున్న ప్రశ్న అదే.

"కరుస్తుంది" అన్నాడు మందుల షాపు అబ్బాయి, కాస్త సందేహంగా.

"కరిచేది పులి." ఆ గొంతు వెనకనుంచి వచ్చింది. బొత్తాం వీధి దాటి మొదటి మెట్టు మీద నిలబడి ఉంది. "గిలి కూడా కరిస్తే ఇంక పులి ఎందుకు?"

"మరి?"

బొత్తాం ఆ గిట్టలు, మూడు చెవులు, ఒంటికొమ్ము అన్నీ ఒకసారి చూసింది. ఎప్పటినుంచో తెలిసి, ఇప్పుడే గుర్తొచ్చినట్టు చెప్పింది:

"గిలి గిలిగింతలు పెడుతుంది."

వెంటనే ఆ చిన్న పిల్లకి ఎవరూ తాకకుండానే చంకల్లో గిలిగింతలు పుట్టి మెలికలు తిరిగింది. అట్టలత్త మిగిలిన మీసాల పీలికలని కట్టగా కట్టి గిలి ముందుకాళ్ళకి వేళ్ళలా అతికించింది. పోస్టుమాస్టరు పరిస్థితి చూద్దామని అప్పుడే వచ్చి, ఆ జంతువు ఏమిటా అని కళ్ళజోడు సర్దుకుంటూ వంగాడు. కవలలు వెనకనుంచి ఒక కాలు ఎత్తారు. పీలికలు ఆయన మెడ మీద పడ్డాయి. ఆయన లోపలినుంచి వచ్చిన శబ్దం ఏమిటో మొదట ఎవరికీ అర్థం కాలేదు, ఎవరూ అంతకుముందు వినలేదు కాబట్టి. నవ్వు అని తెలియడానికి కొంచెంసేపు పట్టింది.

"దీన్ని దాని గదిలో పెట్టేద్దాం" అంది బొత్తాం.

తలా ఒక చెయ్యి వేసి గిలిని ఎత్తారు. మెట్లెక్కారు, గడప దాటారు, గలగలమంటూ హాలు మధ్యనుంచి నడిచారు. బరువు మోసేవాళ్ళకి భయం సంగతి గుర్తురాదు. స్టోర్‌ రూము ముందు ఆగారు. గిలి తల లోపలికి వెళ్ళింది, పొట్ట దగ్గర ఇరుక్కుంది. పక్కకి తిప్పారు, గిట్టలు అడ్డం పడ్డాయి. తలకిందులు చేశారు, కొమ్ము తగులుకుంది.

అట్టలత్త వేళ్ళు దురద పెట్టాయి. వీపు మీద నిలువునా ఒక్క మడతగీత నొక్కితే చాలు, అది పుస్తకంలా ముడుచుకుని సునాయాసంగా దూరిపోతుంది. ఆవిడ చేతిలోని కత్తి మడిచి బొడ్లో దోపుకుని, చేతులు కట్టుకుంది.

బొత్తాం ఇరుక్కున్న పొట్టని, తలుపుని మార్చి మార్చి చూసింది.

"ఇది ఇందులో పట్టదు" అంది.

"పట్టదు" అన్నారు కవలలు.

"అంటే ఇందులో ఎప్పుడూ లేదు."

"మరి లోపల ఏముంది?"

గిలిని వెనక్కి లాగారు. బొత్తాం తలుపు మీద అరచెయ్యి పెట్టింది. ఒకసారి వెనక్కి తిరిగి తల్లి వైపు చూసింది. అట్టలత్త దగ్గరికి రాలేదు. బొత్తాం తలుపు తోసింది. అది కిర్రుమంది. లోపల బూజు పట్టిన ఫ్యాను, చిరిగిన తెర, కాళ్ళు విరిగిన కుర్చీలు.

"కుర్చీలు" అన్నాడు మందుల షాపు అబ్బాయి.

బొత్తాం పరీక్షగా చూసి సరిదిద్దింది. "విరిగినవి. ఇవి గిర్చీలు."

పోస్టుమాస్టరు మెడ తడుముకుంటూ, తాళాల సంగతి ఎత్తకుండానే వెళ్ళిపోయాడు. చదరంగం పెద్దవాళ్ళు బల్ల లోపలికి తెచ్చుకుని ఒక మూల వేసుకున్నారు. కానీ విరిగిన కొమ్ము కథ చెప్పమని పిల్లలు చుట్టూ చేరడంతో ఆ పూట ఒక్క ఆట కూడా పూర్తి కాలేదు. సాయంత్రం అట్టలత్త లేచి, "ఇంక అట్టా..." అని ఆగి, "అట్టలు ఏరండి, ఇంటికెళదాం" అంది. "గిట్టలు ఉండనీ అమ్మా" అంది బొత్తాం.

ఆ వారంలోనే ఒక సాయంత్రం మళ్ళీ కరెంటు పోయింది. అట్టలత్త చేతులకి మళ్ళీ సబ్బు నురగ. బొత్తాం నడవా మొదట్లో నిలబడి చీకట్లోకి చూసింది.

"గిలి పట్టదు ఈ నడవాలో" అంది తనలో తను. తర్వాత, "అమ్మా, మరి పులి?"

"పులి లేదు" అంది అట్టలత్త. ఆ వెనకే వచ్చేస్తున్న మాటని పళ్ళ బిగువున ఆపింది.

బొత్తాం ఒక్కతే వెళ్ళింది. దాని అడుగుల చప్పుడు నడవా చివరిదాకా వినపడింది. ముందు గదిలోంచి నానమ్మ కేక వేసింది:

"ఉంటే గింటే ఆ పులే నిన్ను చూసి పారిపోతుందిలే."

నడవా చివర అడుగులు ఆగాయి.

"గింటె అంటే ఏంటి నానమ్మా?"